ఇంకా మూడు విసుర్లు

పోయినవి ముందు రాస్తాను. మూడెకరాల చెరువులో వదిలిన రొయ్యపిల్ల లక్షా ఇరవై వేలు. మేత నూట నాలుగు బస్తాలు. కాపలా కాసిన రోజులు తొంభై ఆరు. పెళ్ళిలో పసుపు కుంకుమ కింద మా నాన్న అక్కకి రాసిచ్చిన మూడెకరాల వరిచేను, అదే ఆ చెరువు. ఉప్పెక్కిపోయి మళ్ళీ నాట్లకి పనికిరాలేదు. నేను కాగితం మీద వేసిన లెక్క మీద మా అక్కకున్న నమ్మకం. దానికి కొలత లేదు కాబట్టి ఒకటి అని వేస్తున్నాను. ఆఖరున ఒక మనిషి.

ఆ మనిషి పోయి నెల దాటిందని మొన్న భీమవరం చేపల మార్కెట్లో తెలిసింది. ఆయన భార్య చెప్పింది, శీలావతి చేపకి పొలుసు తీస్తూ, తల ఎత్తకుండా. "పోయాడండి మేష్టారూ. పొద్దున్న లేచాడు, కాఫీ తాగాడు, అరుగు మీద కూకున్నాడు. అంతేనండి."

నేను ఎవరికీ పాఠం చెప్పిన మేష్టారిని కాను. ఇంటర్ తప్పి, భీమవరంలో ఒక మేత కొట్లో గుమాస్తాగా చేరాను. మేత బస్తాల్లో వచ్చే కాగితాలు చదివి సగటు తీయడం, శాతం కట్టడం, రొయ్య బరువుని బట్టి మేత ఎంత వేయాలో చెప్పడం సొంతంగా నేర్చుకున్నాను. చెరువులు తవ్వుతున్న రోజులు అవి. రైతులు కొట్టుకి వచ్చి నా చేత లెక్కలు వేయించుకునేవారు. నన్ను మేష్టారని మొదట పిలిచింది ఆయనే. అందులో వెటకారం ఎంతో గౌరవం ఎంతో నేను ఇప్పటికీ విడదీయలేను.

ఆయన విసురు వల వేసే మనిషి. పుట్టింది చేపలు పట్టే ఇంట్లో. చెరువులు వచ్చాక గట్ల మీద కూలికి వల వేసేవాడు. చెరువులో రొయ్యలు ఎన్ని ఉన్నాయో నీళ్ళలోకి చూస్తే తెలియదు. వల విసరాలి, పడినవి లెక్కపెట్టాలి, వల పరుచుకున్న మేరని బట్టి చెరువు మొత్తానికి లెక్క కట్టాలి. ఆ లెక్క నాది. విసురు ఆయనది. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి.

మొదటి రోజు నేను ఆయన చేత వలని నేల మీద వేయించాను. కళ్ళం గచ్చు మీద వల గుండ్రంగా పరుచుకుంది. చుట్టూ సున్నం చల్లి, టేపు పెట్టి అడ్డంగా నిలువుగా కొలిచి, తొమ్మిది చదరపు మీటర్లని పుస్తకంలో రాసుకున్నాను. ఆయన చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"అయ్యిందా అండి?"

"అయ్యింది బాబాయ్. తొమ్మిది."

"నేల మీద తొమ్మిదండి. నీళ్ళల్లో ఎంతో అది నీళ్ళనడగాలి."

వల విసిరే ముందు ఆయన దాని అంచుని పళ్ళ మధ్య పెట్టుకునేవాడు. పై వరసలో కుడివైపు ఒక పన్ను లేదు, సీసం గుళ్ళ తాడు సరిగ్గా ఆ సందులో కూర్చునేది. అందుకని విసరబోతున్నప్పుడు ఆయన మాట్లాడలేడు. ఏమన్నా చెప్పాలంటే విసురు ముందు చెప్పాలి, లేదా వల లాగాక చెప్పాలి. ఆ మధ్యలో అక్క భర్త, మా బావ, ఎంత అరిచినా జవాబుండేది కాదు. వల లాగాక రొయ్యల్ని నా ముందు గోలెంలో పోసి, తనొక దాన్ని గుప్పిట్లో పెట్టుకుని కాసేపు ఊరుకునేవాడు. అది గుప్పిట్లో ఎలా తంతోందో చూసేవాడన్న మాట. ఎన్ని పడ్డాయో ఎప్పుడూ అడగలేదు.

అడిగేది వేరే ఒకటి ఉంది. పొద్దున్నే గట్టెక్కుతూనే మా ఇద్దరి మొహాలూ చూసి అడిగేవాడు.

"ఎన్ని కావాలండి ఇయ్యాల?"

మా బావ నవ్వి, "ఓ ఎనభై పడేలా చూడు," అనేవాడు.

"ఆయ్. అయితే మేతేసే చోట ఎయ్యాలండి. చెరువంతా తిరిగి ఎయ్యమంటే యాభయ్యో అరవయ్యో."

నేను దాన్ని హాస్యమనుకున్నాను. టీ కోసం అడుగుతున్నాడని కూడా అనుకున్నాను, ఒకటి రెండుసార్లు.

ఆ చెరువు తవ్వడానికి అక్కని ఒప్పించింది నేను. బావకి ఆశ ఉంది గాని చేను అక్కది. అక్క వద్దంది. "తినే గింజ కదరా, దాన్ని తీసేసి ఉప్పునీళ్ళు పెట్టుకోమంటావా?" అంది. నేను ఒక తెల్లకాగితం మీద గీతలు కొట్టి, పిల్ల ఎంత, బతికేది ఎంత, కిలోకి ఎన్ని తూగుతాయి, అన్నీ వరసగా వేసి చూపించాను. అక్క అయిదో తరగతి చదివింది. కాగితం వంక కాదు, నా మొహం వంక చూసింది. "నువ్వు చూశావా సరిగ్గా?" అంది. చూశానన్నాను. ఆ ఒక్కమాట మీద చేను చెరువయింది.

పంట సగానికి వచ్చేసరికి మా బావకి ఆయన మీద గురి కుదిరింది. ఒకరోజు గట్టు మీద కూర్చోబెట్టి చెప్పాడు. "కూలి ఎందుకయ్యా, ఇందులో నీకూ ఓ వాటా ఇస్తాను. నీ చెరువులా చూసుకో."

ఆయన తలపాగా తీసి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. "వద్దండి. కూలి ఇప్పించండి చాలు."

"ఏం, మా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉందండి. వాటా ఇత్తే నా చెయ్యి పాడైపోద్దండి. నాకోసం కాలవలో ఏసుకునేటప్పుడు సూత్తన్నాను కదండి. చేప యాడుందో నాకు కనపడదు, యాడుంటే బాగుంటదో ఆడికే పోద్ది చెయ్యి. మీకేసేటప్పుడు నాకేం అక్కర్లేదండి. అందుకే సరిగ్గా పడద్ది."

బావ ఆ మాటని గర్వం అనుకున్నాడు. సాయంత్రం భోజనాల దగ్గర అక్కతో చెప్పి నవ్వాడు. అక్క నవ్వలేదు. "ఆయన చెప్పింది బాగానే ఉంది కదా," అంది.

యాభయ్యో రోజు దాటాక పక్క ఊళ్ళో ఒక చెరువుకి తెల్లమచ్చ తెగులు తగిలింది. అది తగిలిందంటే వారం తిరక్కుండా చెరువు మొత్తం పోతుంది. ముందు రొయ్య తల మీద డొప్పలో సున్నపు చుక్కల్లాంటి మచ్చలు వస్తాయి. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి బావ నిద్ర మానేశాడు. పాలకొల్లు వెళ్ళి భూతద్దం కొనుక్కొచ్చాడు. తెల్లారకుండానే చెరువు మీద ఉండేవాళ్ళం. ఒక రొయ్యని పట్టడం, డొప్ప వలవడం, వెలుగుకి పెట్టి చూడటం. ఒక్కోసారి మచ్చ కనిపించేది. తుడిస్తే పోయేది, మేం చెరువులో చల్లిన సున్నం. బావకి సున్నం చుక్క కూడా తెగుల్లా కనపడేది. నాకూ కనపడేది.

అలా మేమిద్దరం పళ్ళెం మీద వంగి ఉండగా ఒక పొద్దున ఆయన వెనక నించున్నాడు. చాలాసేపు నించున్నాడు.

"తలకాయలు సూత్తన్నారండి. నీళ్ళు సూడట్లేదు."

తల ఎత్తాను. చెరువు నిండా నీటి మీద సన్నటి మీసాలు. వేలకు వేల రొయ్యలు పైకి వచ్చి గాలి కోసం తిరుగుతున్నాయి. ఆ వేళకి నీళ్ళలో ప్రాణవాయువు అయిపోయింది. మా కాళ్ళకి పది అడుగుల దూరంలో అలా తిరుగుతుంటే, ఇద్దరు మగవాళ్ళం ఒక చచ్చిన రొయ్య నెత్తి మీద మచ్చ వెతుకుతున్నాం. ఆయన అప్పటికే ఇంజను దగ్గరికి పరుగెత్తుతున్నాడు. కాలవ నీళ్ళు తోడి చెరువులో పోశాం. ఎండెక్కేసరికి మీసాలు దిగిపోయాయి. ఆ రోజు పోయినవి రెండు తట్టలు. అంతటితో బతికాం.

భయం పడితే చూపు సూదిమొన అయిపోతుందని ఆ రోజు నాకు తెలిసింది. దేన్ని చూసి భయపడుతున్నామో అదొక్కటే కనపడుతుంది, అది కూడా లేనిచోట కనపడుతుంది. ఆ మాట పుస్తకం అట్ట లోపల రాసుకున్నాను. రాసుకుని, పాఠం నేర్చుకున్నానని అనుకున్నాను. భయానికి ఎదురుగా ఇంకొకటి ఉంటుందని, అది చూపుని వేరే రకంగా పాడు చేస్తుందని అప్పటికి నాకు తెలియదు.

ఎనభై అయిదో రోజున వల వేయించాను. మొదటి పది విసుర్లకీ సగటు యాభై ఆరు వచ్చింది. చెరువుకి పది విసుర్లని నా పుస్తకం మొదటి పేజీలో నేనే పెట్టుకున్న నియమం. కాని యాభై ఆరు నాకు నచ్చలేదు. ఇంకో నాలుగు వేయమన్నాను. ఆయన వేశాడు. పద్నాలుగుకి సగటు యాభై ఎనిమిది. అంటే చెరువులో డెబ్బై ఎనిమిది వేల రొయ్యలు. అక్కకి కాగితం మీద చూపించిన దానికన్నా తక్కువ. ఆ వారమంతా అక్క ఎదుట పడకుండా తిరిగాను.

తొంభై రెండో రోజున మళ్ళీ వేయించాను. ఆ రోజు తేలవలసిన విషయం ఒకటే. రొయ్య అప్పటికి కిలోకి నలభై అయిదు తూగుతోంది. ఇప్పుడే పట్టుబడి చేసి, అంటే నీళ్ళు తీసేసి రొయ్యంతా పట్టి, ఉన్నది తీసుకోవడమా, ఇంకో ఇరవై రోజులు ఆగి ముప్పై అయిదుకి తేవడమా. ఆగితే రొయ్య పెద్దదై మంచి ధర వస్తుంది. ఆగిన ఇరవై రోజుల్లో తెగులు వస్తే అక్క చేను పోయినట్టే. బావ ఆగుదామంటున్నాడు. అక్క "తమ్ముడు లెక్క చూసి చెప్పనీ," అంది.

మొదటి విసురుకి డెబ్బై ఒకటి. రెండోదానికి ఎనభై నాలుగు. డెబ్బై ఎనిమిది. తొంభై. ఎనభై ఎనిమిది. ఎనభై ఒకటి. ఏడోదానికి తొంభై ఆరు. నేను గోలెం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని రాస్తున్నాను. నాలుగో విసురు దగ్గర్నుంచే బావ లుంగీ ఎగ్గట్టి గట్టు మీద అటూ ఇటూ నడుస్తూ "చూశావా, నేను చెప్పలా?" అంటున్నాడు. ఏడింటికి సగటు కట్టాను. ఎనభై నాలుగు. లక్షా పదమూడు వేల రొయ్యలు. పుస్తకం మూసేశాను.

"చాలు బాబాయ్."

ఆయన వల పిండలేదు. విసుర్లయిపోతే వలని పిండి భుజాన వేసుకోవడం ఆయన అలవాటు. తడివలని చేతి మీద అలాగే వేలాడదీసుకుని నించున్నాడు.

"ఇంకా మూడున్నాయండి."

"అక్కర్లేదు. సగటు బాగా వచ్చింది."

"పోయిన వారం ఇన్నీ ఎక్కడున్నాయండి ఇయ్యి?"

"పోయిన వారం ఎక్కడో తప్పు పడుంటుంది బాబాయ్."

ఆయన గుప్పిట తెరిచి నా ముందు పెట్టాడు. అందులో రొయ్య. కదులుతోంది. "తన్నట్లేదండి," అన్నాడు. "ఈ మూడూ గట్టు మీంచి వద్దు. తెప్పెక్కి మజ్జిలో ఏత్తాను. ఓ పావుగంట."

బావ నవ్వాడు. "చెరువు నిండా రొయ్య ఉంటే నీకేంటయ్యా దిగులు? ఎండెక్కిపోతోంది, ఇంటికెళ్ళు."

నేను పుస్తకం సంచిలో పెట్టేశాను. చేతిలో ఎనభై నాలుగు ఉంది. దాన్ని అక్కకి చూపించాలి.

ఇప్పుడు రాస్తుంటే ప్రతి అక్షరం దగ్గరా కలం ఆగుతోంది. చెరువులో రొయ్య పిల్లలు పెట్టదు. వేసిన దగ్గర్నుంచి తగ్గడమే గాని పెరగడమన్నది లేదు. యాభై ఎనిమిది వారంలో ఎనభై నాలుగు కాలేదు. ఏ పద్దులోనైనా ఇలాంటి అంకె వేరే ఎవరన్నా నాకు చూపించి ఉంటే చూపిన క్షణంలో పట్టుకునేవాణ్ణి. మేం వల వేసింది గట్టు మీంచి. తెగులు తగిలిన రొయ్య చెరువు మధ్యలో ఉండలేక గట్టు వారకి చేరుతుంది. మా వలలో కిక్కిరిసి పడుతున్నది చావు. ఆ సంగతి నేను నూరు సార్లు చదివి ఉన్నాను, మేత కాగితాల మీద, అచ్చులో. ఆ పొద్దున అది గుర్తు రాలేదు. భయపడ్డప్పుడు లేని మచ్చని చూశాను. సంతోషం వచ్చినప్పుడు ఉన్న రొయ్యని చూడలేదు.

ఇంటికెళ్ళి అక్కతో ఆగుదామని చెప్పాను. లక్షా పదమూడు వేలన్నాను. పైగా ఎక్కువ రొయ్య ఉందని మేత పెంచాను. తొంభై ఆరో రోజు పొద్దున గట్టు చుట్టూ ఎర్రబడిన రొయ్యలు ఒక మూర వెడల్పున తేలాయి. భూతద్దం అక్కర్లేకుండానే మచ్చలు కనపడ్డాయి. తొంభై రెండో రోజునే తూములు తీసి ఉంటే అమ్మగలిగిన సరుకు. కనీసం పెట్టిందన్నా వచ్చేది.

అక్క చెరువు దగ్గరికి వచ్చింది. ఒక్కసారి చుట్టూ నడిచింది. ఏడవలేదు. వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగి, "సరిగ్గా చూశావురా?" అంది. అదే మాట, అదే గొంతు. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ ఎప్పుడూ నన్ను ఏ లెక్కా అడగలేదు. పాలవాడి పద్దు కూడా.

కొన్నాళ్ళకి నా పుస్తకం మొదటినుంచీ తిరగేశాను. ఆ పంటలో మొత్తం తొమ్మిదిసార్లు వల వేయించాను. పది విసుర్లన్న నియమం తొమ్మిదింటిలో ఒక్కసారి కూడా పాటించలేదు. అంకె తక్కువ వచ్చిన రోజుల్లో పన్నెండు, పదమూడు, పద్నాలుగు. బాగా వచ్చిన రోజుల్లో ఆరు, ఏడు, ఎనిమిది. నచ్చని లెక్కని పెరిగేదాకా వేయించాను, నచ్చినదాన్ని చెడకముందే ఆపాను. ఒక్క అంకె కూడా నేను మార్చలేదు. అన్నీ నిజమైన అంకెలే. ఎక్కడ ఆపాలన్నది మాత్రం నా మనసు చెప్పింది.

ఆ పుస్తకం పట్టుకుని కాలవ గట్టున ఉన్న ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన గుమ్మంలో కూర్చుని వల చిరుగు కుడుతున్నాడు. ఎందుకు వెళ్ళానో నాకూ సరిగ్గా తెలియదు. తిడతాడని కావచ్చు. ఆయనకి చదువు రాదు. నేను చదివి వినిపించాను, తేదీ, విసుర్లు, సగటు, తొమ్మిదీ. ఆయన దారం పళ్ళతో తెంపి, "నాకు తెలుసండి," అన్నాడు.

"ఎలా తెలుసు?"

"నా భుజానికి తెలుసండి." కుడి భుజం మీద చెయ్యి వేసుకున్నాడు. "తక్కువ పడ్డ రోజు రేత్రి దీనికి వేణ్ణీళ్ళ కాపడం ఉండేదండి. ఎక్కువ పడ్డ రోజు ఎండెక్కకుండానే ఇంటికొచ్చేసేవోణ్ణి. ఆ ఏడేసిన రోజు మా ఆవిడ అడిగింది కూడానండి, ఏంటి, పెందరాళే వచ్చావూ అని."

"మరి గట్టిగా చెప్పకపోయావా బాబాయ్?"

ఆయన నా వంక చూశాడు. ఆ చూపులో కోపం లేదు. "మూడున్నాయని చెప్పానండి," అన్నాడు. మళ్ళీ దారం అందుకుని, "కూలి పదికీ పుచ్చుకున్నాను. ఆ మూడూ నా దగ్గరున్నాయి. ఎప్పుడన్నా ఏసి పెడతాను," అన్నాడు.

ఆ చెరువు మళ్ళీ నిండలేదు. మా చుట్టుపక్కల చాలా చెరువులు ఆ రెండేళ్ళలో ఎండిపోయాయి. గట్ల మీద వల వేసే పని పోయింది, ఆయన తిరిగి కాలవల్లోకి వెళ్ళాడు. నేను కొట్లోకి వెళ్ళాను. తర్వాత ఆయన్ని మూడుసార్లు చూశాను. పాలకొల్లు బస్టాండులో గోనెసంచితో నించుని, దూరం నుంచే, "మేష్టారండీ, మూడున్నాయండి. ఎప్పుడెయ్యమంటారు?" అన్నాడు. ఇద్దరం నవ్వాం. రెండోసారి మార్కెట్ దగ్గర అదే మాట అన్నాడు, నేను నవ్వలేకపోయాను, అది ఆయన గమనించాడు. మూడోసారి భీమవరంలో రైలు గేటు దగ్గర. గేటు వేసి ఉంది. పట్టాలకి అవతల సైకిలు పట్టుకుని ఆయన, ఇవతల నేను. ఈసారి అరవలేదు. చెయ్యి ఎత్తి మూడు వేళ్ళు చూపించాడు. ఈలోగా రైలు వచ్చింది. పెట్టెలు లెక్కపెట్టే అలవాటు నాకుంది, పదిహేడు. గేటు తీసేసరికి జనంలో కనపడలేదు.

మొన్న మార్కెట్లో ఆయన భార్య చేప ముక్కలు కోసి సంచిలో వేసి ఇచ్చింది. సంచి అందుకుంటూ, "వల ఏం చేశారు పిన్నీ?" అని అడిగాను.

"ఉందండి. అమ్మేయమన్నారు మావోళ్ళు. ఆయన వద్దని చెప్పాడండి పోకముందు. మేష్టారికి పనుంది దాంతో అన్నాడు." చెయ్యి కొంగుకి తుడుచుకుని మొదటిసారి నా మొహంలోకి చూసింది. "ఏం పనండి?"

చేప డబ్బులు ఆవిడ చేతిలో పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి పాత పుస్తకం తీశాను. ఇప్పుడు ఎవరన్నా అడిగితే లెక్క వేసి పెడుతున్నాను గాని, వల తడవకముందే పది గళ్ళు గీస్తాను, పదీ నిండేదాకా కూడిక చేయను. ఆ పద్ధతి ఆయన భుజం నేర్పింది. పాత పుస్తకంలో తొంభై రెండో రోజు పేజీలో అప్పట్లో గళ్ళు లేవు. మొన్న స్కేలు పెట్టి గీశాను. ఏడింటిలో అంకెలున్నాయి. డెబ్బై ఒకటి నుంచి తొంభై ఆరు దాకా. చివరి గళ్ళు ఖాళీ.

వేయవలసినవి పది. వేసినవి ఏడు. కూలి ముట్టింది కాబట్టి తనే బాకీ అని ఆయన అనుకుంటూ పోయాడు. ఆపింది నేను. బాకీ నా పేరున రాసుకున్నాను, మూడు.